పారి వచ్చినవాళ్ల మనసు గాయం: మన యువత చేయగల సాయం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మంచిర్యాలలో యువతీ యువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినవాళ్లు "మేడం, చదువు గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. చదువు గురించి రోజూ పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్తూనే ఉంటాను. ఈసారి వేరే మాట చెప్తానని అడిగాను. ఊరు విడిచి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని పారి వచ్చినవాళ్ల గురించి మాట్లాడతాను. వాళ్ల కడుపుకు ఏం కావాలో అందరికీ తెలుసు. బియ్యం కావాలి, బోరింగు కావాలి, నాలుగు గుంటల నేల కావాలి. వాళ్ల మనసుకు ఏం కావాలో, అది ఎక్కడ దొరుకుతుందో, అక్కడిదాకా తోడు పోవాల్సింది ఎవరో మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అది చెప్పకుండా మీకు నీతులు చెప్పే హక్కు నాకు లేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో గోదావరి ఒడ్డున, ములుగు అడవుల వైపు ఒక బాలికల హాస్టల్‌లో పనిచేశాను. ఐదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. వాళ్లది ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కుటుంబం. ఆ పిల్ల రాత్రి చెప్పులు వేసుకునే పడుకునేది. తలగడ బదులు బట్టల సంచి. పడుకునేది ఎప్పుడూ తలుపు పక్కనే. ఎన్నిసార్లు లోపలి వరుసలోకి మార్చినా తెల్లారేసరికి తలుపు దగ్గరే ఉండేది. దీపావళికి పక్క వాడలో పటాకులు పేలిస్తే మాయమైంది. గంటసేపు వెతికితే స్టోర్ రూంలో బియ్యం బస్తాల వెనక దొరికింది. చాలా రాత్రులు పక్క తడిపేది.

నేను బీఈడీ చదివినదాన్ని. పిల్లల మనస్తత్వ శాస్త్రం పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అయినా నాకు కనిపించింది మొండితనమే. చెప్పులు విప్పలేదని తిట్టాను. పక్క తడిపినందుకు పిల్లలందరి ముందు దుప్పటి ఉతికించాను. ఆ పిల్ల ఏడవలేదు. ఎదురు చెప్పలేదు. తలుపు వైపు చూస్తూ ఉతికింది. సంక్రాంతి సెలవులకు పోయి మళ్లీ రాలేదు. నెల తర్వాత వాళ్ల గూడేనికి పోతే అక్కడ గుడిసెలు లేవు, గుంజలు పాతిన గుంతలు మాత్రం ఉన్నాయి. ఎటు పోయారో చెప్పేవాళ్లు దొరకలేదు.

చెప్పులు ఎందుకు విప్పలేదో చాలా ఏళ్లకు గానీ నాకు అర్థం కాలేదు. అర్ధరాత్రి లేచి పరుగెత్తిన పిల్ల చెప్పులు విప్పి పడుకోదు. తలుపుకు దూరంగా పడుకోదు.

ఆ పిల్ల వెనక ఉన్న చరిత్ర మీకు తెలియాలి. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్, దంతెవాడ ప్రాంతంలో సల్వా జుడుం మొదలైంది. మావోయిస్టులకు ఎదురుగా గ్రామస్తుల చేతికే ఆయుధాలు ఇచ్చారు. ఒక పక్క వాళ్లు, ఇంకో పక్క వీళ్లు, నడుమ ఊళ్లు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరిని రోడ్డు పక్క శిబిరాల్లో పెట్టారు. మిగిలినవాళ్లు అడవిదారి పట్టి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల్లోకి వచ్చారు. అట్లా చెదిరినవాళ్లు దాదాపు 50,000 మంది అని స్వచ్ఛంద సంస్థల అంచనా. 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం సల్వా జుడుం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది. తీర్పు వచ్చింది గానీ, వచ్చినవాళ్లలో చాలామంది తిరిగి పోలేదు. ఇక్కడ వాళ్లను గుత్తికోయలు అంటున్నారు. వాళ్లు తమను తాము పిలుచుకునే పేరు కోయ్‌తూర్. మన గోండులం మనల్ని పిలుచుకునే పేరూ అదే.

చట్టం దృష్టిలో వీళ్లను శరణార్థులు అనరు. 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం దేశం సరిహద్దు దాటితేనే శరణార్థి. ఆ ఒప్పందం మీద మన దేశం సంతకం కూడా చేయలేదు. అయినా మయన్మార్ నుంచి వచ్చి హైదరాబాద్ బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యాలకు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు ఉంటుంది, వాళ్ల కోసం పనిచేసే సంస్థలు ఉంటాయి. వాళ్ల కష్టం చిన్నదని నేను అనడం లేదు. కానీ రాష్ట్రం సరిహద్దు మాత్రమే దాటిన కోయ్‌తూర్ తల్లికి అట్లాంటి కార్డు లేదు, పేరు పెట్టి పిలిచే సంస్థ లేదు. అక్కడి ఎస్టీ ధ్రువపత్రంతో ఇక్కడ రిజర్వేషన్ రాదు. అడవిలో వేసుకున్న గుడిసె ఎప్పుడు పోతుందో తెలియదు. భయం పాతదే అనుకుంటాం గానీ, దానికి రోజూ కొత్త మేత దొరుకుతూనే ఉంటుంది.

"మేడం, అది ములుగు, భద్రాచలం సంగతి. మన మంచిర్యాలకు ఏం సంబంధం?" అని ఎవరైనా అనుకుంటే ఒకటి గుర్తు చేస్తాను. మనం ఏటా తలుచుకునే కుమ్రం భీము కూడా పారిపోయినవాడే. కుటుంబం సంకెపల్లి విడిచి సుర్దాపూర్ పోయింది. అక్కడ గొడవ జరిగాక భీము చాందా వైపు పోయి, అక్కడి నుంచి అస్సాం తేయాకు తోటలదాకా పోయాడని మన పెద్దలు చెప్తారు. తిరిగి వచ్చి 1940లో జోడేఘాట్‌లో అమరుడయ్యాడు. ఆయన పోరాటం మనకు పాటల్లో ఉంది. పరాయి ఊళ్లో, భాష రాని చోట, ఆ మనిషికి ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదో ఏ పాటలోనూ లేదు.

ఇంకా దగ్గరికి వద్దాం. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగాయి. చనిపోయింది 13 మంది అని అధికారిక లెక్క. ఊళ్లలో చెప్పుకునే లెక్క దానికి ఎన్నో రెట్లు. ఆ రోజు పరుగెత్తిన పిల్లలు ఇప్పుడు తాతలు, అవ్వలు. వాళ్లను స్తూపం దగ్గర దండ వేయమని పిలిచాం గానీ, "అవ్వా, రాత్రి నిద్ర పడుతుందా?" అని ఎంతమందిమి అడిగాం?

కాబట్టి ఈ గాయం మనకు కొత్త కాదు. దానికి పేర్లు కూడా మన దగ్గర ఉన్నాయి. మన వైపు తెలుగులో మూడు మాటలున్నాయి: రంది, బుగులు, మనాది. రేపు ఏమవుతుందో అని లోపల తొలిచేది రంది. చిన్న చప్పుడుకు గుండె దడదడలాడించేది బుగులు. పోయినవాళ్లను తలుచుకొని తిండి మానేసి మనిషి కృశించిపోయేది మనాది. డాక్టర్లు దీనికి వేరే పేర్లు పెడతారు. ఆ పేర్లు మీకు రాకపోయినా పర్వాలేదు. ఈ మూడు మాటలు వాళ్ల దగ్గర చెప్పగలిగితే చాలు.

గుర్తులు ఏమిటంటే: నిద్ర పట్టకపోవడం, పట్టినా అవే కలలు రావడం. ఖాకీ బట్టలు, జీపు చప్పుడు, పటాకులు అంటే వణుకు. జరిగిన చోటు, జరిగిన మాట తప్పించుకు తిరగడం. ఉన్నట్టుండి కోపం. పిల్లలైతే పక్క తడపడం, మాట తగ్గిపోవడం, అమ్మ కొంగు వదలకపోవడం. మగవాళ్లయితే సారాలో మునగడం. ఇవి కొన్ని వారాలు ఉండి తగ్గితే అది శరీరం తనను తాను బాగుచేసుకోవడమే. నెల దాటినా తగ్గకపోతే, పనికీ బడికీ అడ్డం వస్తే సాయం అడగాలి. "చచ్చిపోతే బాగుండు" అన్న మాట వినిపిస్తే మాత్రం నెల కాదు, ఒక పూట కూడా ఆగకూడదు. ఆ మాట నోటితో అడిగితే ఆలోచన పుడుతుందని భయపడకండి. "చావాలని అనిపిస్తుందా?" అని నేరుగా, మెల్లగా అడగండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పురుగుల మందు డబ్బా ఇంట్లోంచి తీసేయండి.

సాయం అడగడం దయ అడగడం కాదు, హక్కు. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది, 2018 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే చోట్ల మానసిక వైద్యం పొందే హక్కు ప్రతి మనిషికీ ఉందని దాని 18వ సెక్షన్ చెప్తుంది. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు, ఇల్లూ వాకిలీ లేనివాళ్లకు ఆ వైద్యం ఉచితం. కార్డు ఉన్నా లేకపోయినా అని చట్టంలోనే రాసి ఉంది. ఈ ముక్క బాగా గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే మనవాళ్లు ఆగిపోయేది కార్డు దగ్గరే. మతం, కులం, పుట్టిన చోటు చూసి తేడా చేయకూడదు. రోగి చెప్పిన మాట బయటపెట్టకూడదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు అని 115వ సెక్షన్. "ఆసుపత్రికి పోతే కేసు అవుతుంది" అని భయపడే ఇంటికి ఈ మాట మీరే చెప్పాలి.

ఇక ఎక్కడికి పోవాలి? నోటుబుక్కు ఉన్నవాళ్లు రాసుకోండి, ఫోన్ ఉన్నవాళ్లు సేవ్ చేసుకోండి.

ఒకటి, టెలీ మానస్. నంబరు 14416. 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యుల దాకా కలుపుతారు. సిగ్నల్ లేని గూడెమైతే సిగ్నల్ దొరికే గుట్టదాకా తోడు పొండి.

రెండు, ఆసుపత్రి. మన మంచిర్యాలకు 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. దాని ఆసుపత్రిలో మానసిక వైద్యం ఓపీ ఎక్కడ అని అడగండి. ఆదిలాబాద్ వైపు ఉన్నవాళ్లకు రిమ్స్ ఉంది. వరంగల్‌లో ఎంజీఎం, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ. పోయే ముందు మీ ఏఎన్ఎంనో ఆశా కార్యకర్తనో అడిగి, డాక్టర్ ఏ రోజు కూర్చుంటారో కనుక్కోండి. యాభై కిలోమీటర్లు బస్సెక్కి పోయాక "రేపు రండి" అంటే ఆ మనిషి మళ్లీ రాదు.

మూడు, పిల్లల కోసం 1098. ఆడవాళ్ల కోసం 181, సఖి కేంద్రం. అత్యాచారం, కొట్టడం లాంటివి జరిగిన స్త్రీకి సఖి కేంద్రంలో కౌన్సెలింగ్, వైద్యం, పోలీసు, న్యాయ సాయం ఒక్క చోటే అందించాలి. ఉచిత న్యాయ సాయానికి 15100.

నంబర్లు చెప్పి ఊరుకుంటే నా పని చాలా తేలిక. కానీ ఆ నంబరుకీ ఆ తల్లికీ మధ్య ఒక ఏరు ఉంది. ఆ ఏరు భాష. ఆమెకు తెలుగు సంతలో బేరం ఆడేంత వరకే వస్తుంది. మనసులో మాట తెలుగులో రాదు. ఫోన్ అవతల గోండి తెలిసిన మనిషి ఉంటారని ఆశ పెట్టుకోలేం. ఆ ఏరు దాటించే పడవ మీరే. ఇంట్లో గోండి, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు నేర్చుకున్న తరం మీది. వాళ్ల మాటకూ మన మాటకూ యాసలో తేడా ఉన్నా, ఓపిగ్గా వింటే దారి దొరుకుతుంది.

ఇది నేను ఎట్లా నేర్చుకున్నానో చెప్తాను. గుర్తుపట్టే వివరాలు మారుస్తున్నాను. కొన్నేళ్ల కింద మా హాస్టల్‌కు ఒక అమ్మాయి వచ్చింది. ప్రాణహిత అవతలి నుంచి వచ్చి బంధువుల ఇంట్లో పెరుగుతున్న పిల్ల. తరగతిలో కూర్చున్న చోటే కళ్లు తెరిచి ఎటో పోయేది. పిలిస్తే పలికేది కాదు. ఈసారి నేను తిట్టలేదు. పది రోజులు ఊరికే పక్కన కూర్చున్నాను, కూరగాయలు తరిగేటప్పుడు రమ్మన్నాను. తర్వాత ఆసుపత్రికి తీసుకుపోయాను. మాట చెప్పడానికి వాళ్ల చిన్నాయనను వెంట పెట్టుకుపోయాను. మళ్లీ తప్పు చేశాను. డాక్టర్ అడిగిన ప్రతి మాటకూ చిన్నాయనే జవాబు చెప్పాడు. "ఏం లేదు సార్, తిండి సరిగా తినదు" అన్నాడు. పిల్ల నేల చూపులు చూస్తూ ఉండిపోయింది. బలం గోలీలు రాయించుకొని వచ్చాం.

రెండోసారి మా హాస్టల్‌లో చదివి నర్సింగ్ చేస్తున్న ఒక అమ్మాయిని రమ్మన్నాను. ఆమె ముందురోజే వచ్చి పిల్ల పక్కన పడుకుంది. "నువ్వు చెప్పిందే చెప్తాను, నా మాట కలపను. చెప్పొద్దన్నది చెప్పను" అని గోండిలో మాట ఇచ్చింది. ఆసుపత్రిలో నన్ను కూడా బయటే ఉండమంది. నాకు కొంచెం చిన్నతనం అనిపించింది, అయినా బయట బెంచీ మీద కూర్చున్నాను. ముప్పావు గంట తర్వాత తలుపు తెరుచుకుంది. లోపల ఏం మాట్లాడుకున్నారో నేను ఇప్పటికీ అడగలేదు. ఆ తర్వాత కొన్ని నెలలు పోయాం. మందులు కొంత, మాటలు ఎక్కువ. ఒక్కసారిగా ఏమీ మారలేదు. వానకాలం ఉరుములకు ఇంకా ఉలిక్కిపడేది. కానీ ఒక రాత్రి రౌండ్‌కు పోయినప్పుడు చూశాను. గది మధ్య వరుసలో, స్నేహితురాలి పక్కన ముసుగు తన్ని పడుకుంది. చెప్పులు మంచం కింద ఉన్నాయి.

ఆ నర్సింగ్ అమ్మాయి చేసినదాన్ని పాతకాలంలో దుబాసీ పని అనేవాళ్లు. దానికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. ఆడవాళ్లకు ఆడవాళ్లే దుబాసీ కావాలి. ఇంటి పెద్దను గానీ, ఆ ఇంటి చిన్న పిల్లలను గానీ ఆ పనికి పెట్టకూడదు. తల్లి మీద జరిగిన ఘోరాన్ని కొడుకు నోట చెప్పించడం ఇద్దరికీ గాయమే. చెప్పింది చెప్పినట్టు చెప్పాలి, మర్యాద కోసం మార్చకూడదు. విన్నది వాట్సాప్ గ్రూపులో కాదు, మీ అమ్మ దగ్గర కూడా చెప్పకూడదు. ఫొటో, వీడియో అసలే తీయకూడదు. ఒక ప్రమాదం చెప్తే, ఉదాహరణకు చిన్నపిల్ల మీద లైంగిక దాడి జరుగుతుందని తెలిస్తే, అది దాచే మాట కాదు. పోక్సో చట్టం ప్రకారం తెలియజేయాల్సిందే. ఆ సంగతి ముందే చెప్పి మాట మొదలుపెట్టాలి.

ఇంకో కట్టుబాటు ఉంది. జరిగింది చెప్పమని బలవంతం చేయకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో మానసిక ప్రథమ చికిత్స గురించి ఒక చేతిపుస్తకం వేసింది. దాని సారం మూడు మాటలు: చూడు, విను, కలుపు. ఆ మనిషి క్షేమంగా ఉందా, తిన్నదా, ఎవరు తోడున్నారో చూడు. చెప్పినంత విను, తవ్వకు. అవసరమైన చోటుకు కలుపు. దీనికి డిగ్రీ అక్కరలేదు. వైద్యం చేయడం మీ పని కాదు, వైద్యం దాకా తోడు పోవడం మీ పని.

భక్తాల్ దగ్గరికి పోవద్దా అని మీరు అడగొచ్చు. పోవద్దని నేను చెప్పను. పెర్సాపేన్ ముందు కూర్చుంటే, నలుగురి మధ్య ఏడిస్తే, దండారిలో అడుగు కలిపితే బరువు దిగుతుంది, నేను చూశాను. దేవారి దారి, డాక్టర్ దారి రెండూ నడవొచ్చు. కానీ పూజ పేరుతో వాత పెట్టినా, కట్టేసినా, డాక్టర్ ఇచ్చిన మందు మాన్పించినా అడ్డం పడండి. మందు మొదలుపెట్టినవాళ్లు "బాగైంది" అని తమంతట తాము ఆపకూడదు.

దూర దేశం ముచ్చట ఒకటి చెప్తాను. ఆఫ్రికాలో జింబాబ్వే అనే దేశం ఉంది. అక్కడ మానసిక వైద్యులు చాలా తక్కువ. 2006లో డిక్సన్ చిబాండా అనే డాక్టర్, హరారే నగరంలో 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చాడు. ఆరోగ్య కేంద్రం ఆవరణలో చెట్టు కింద బెంచీ వేసి వాళ్లను కూర్చోబెట్టాడు. దాని పేరు స్నేహ బెంచీ. కష్టంలో ఉన్నవాళ్లు వచ్చి అవ్వ పక్కన కూర్చొని మాట్లాడతారు. అక్కడి షోనా భాషలో ఈ బాధకు పేరు కుఫుంగిసిస, అంటే అతిగా ఆలోచించడం. మన రంది లాంటి మాటే. అవ్వలు ఆ మాటతోనే పలకరించారు. ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లకు మామూలు వైద్యం పొందినవాళ్లకంటే ఎక్కువ మేలు జరిగిందని 2016లో పరిశోధన ఫలితాలు వచ్చాయి. మనకు చెట్లకు కొదవ లేదు. అవ్వలకూ లేదు. వాళ్లకు తోడుగా ఫోనూ తెలుగూ తెలిసిన మీరు నిలబడాలి.

అందుకని ఒక్కటే అడుగుతున్నాను. ప్రతి గూడెం నుంచి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి ఈ దుబాసీ పనికి పేరు ఇవ్వండి. ఈ సభ అయ్యాక నా దగ్గర నోటుబుక్కు ఉంటుంది. మీ పేరు, మీకు వచ్చిన భాషలు రాయండి. గోండి, కొలామి, నాయకపోడు మాట, ఏదైనా సరే. మన జిల్లా డాక్టర్ల దగ్గర కూర్చొని ఒక పూట శిక్షణ ఇప్పించే బాధ్యత నాది, సంఘం పెద్దలది. గుత్తికోయ గూడెం మీ ఊరి పక్కన ఉంటే, "వాళ్లు మనవాళ్లు కాదు, మన అడవి నరుకుతున్నారు" అన్న మాట మీ నోట రాకముందు ఒక్కసారి పోయి పలకరించండి. నేల తగాదా వేరు, మనిషి గాయం వేరు. మొదటిది మాట్లాడుకోవడానికి గ్రామసభ ఉంది. రెండోదానికి ఇప్పటిదాకా ఎవరూ లేరు.

నేను దుప్పటి ఉతికించిన ఆ పిల్లకు ఇప్పుడు పెళ్లీడు దాటి ఉంటుంది. ఏ ఊళ్లో ఉందో తెలియదు. తనకూ పిల్లలు ఉండొచ్చు. ఆ పిల్లలు ఏదో ఒక హాస్టల్‌లో చేరి, చెప్పులు వేసుకొని పడుకుంటూ ఉండొచ్చు. అక్కడ మీలో ఒకరు టీచరుగానో, వార్డెన్‌గానో, పక్క మంచం మీద స్నేహితురాలిగానో ఉంటారు. చెప్పులు విప్పమని అనకండి. పక్కన కూర్చోండి.